ఊరిని కోయని గీత

మంగళవారం ఉదయం పదిన్నరకు, నౌసోరి జిల్లా కార్యాలయం హాల్లో, గోడ మీది పటంలో మూడు ఊళ్లు వెలిగాయి. వునిండోంగో వాటిలో లేదు.

ఆ సంగతి వెంటనే ఎవరికీ తట్టలేదు. అరచేతుల్ని దొప్పల్లా చేసి కొట్టే చప్పట్లతో హాలు మోగుతోంది. ఏడుగురు ఊరి పెద్దలు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. బల్ల పైభాగమే తెర. దాని మీద వేలితో బొమ్మ గీస్తే, ఆ బొమ్మకు సరిపోయే ఊళ్లు రేవా నది డెల్టాలో ఎక్కడున్నాయో గోడ మీది పటం చూపిస్తుంది. దాన్ని రాజధాని సువాలో తయారు చేసి తెచ్చిన టోరికా బల్లకు ఒక పక్క, ఆమెతో పనిచేసే అవికాశ్ మరో పక్క నిలబడ్డారు.

అంతవరకూ పటాన్ని ఏదైనా అడగాలంటే కంప్యూటర్ భాషలో వాక్యం రాయాలి. జిల్లా మొత్తం మీద ఆ భాష వచ్చిన ఉద్యోగి ఒక్కడే. అతను ఎప్పుడు చూసినా సెలవులో ఉంటాడు. ఈ ఉదయం నవైకురా ఊరి పెద్ద ఎపారామా తన వేలిని నడుముకు చుట్టుకున్న సులు అంచుకు తుడుచుకుని, బల్ల మీదికి వంగి, ఊరి గుర్తు ఎంచుకుని ఒక గుండ్రం గీశాడు. పాయ గుర్తు ఎంచుకుని, పైనుంచి గీత దింపి, గుండ్రం పక్కగా తిప్పి, సముద్రం దాకా లాగాడు. మెట్ట గుర్తును బల్ల చివర, చేయి చాచినంత దూరంలో పెట్టాడు. పాయ ఉన్న ఊరు, మెట్టకు దూరమైన ఊరు. ఆయన ప్రశ్న అంతే. నీళ్లు వచ్చినప్పుడు ఊరంతా తలదాచుకోవడానికి వానలు రాకముందు జిల్లా కట్టబోయే వరద ఇళ్లు మూడు కాబట్టి, మెట్టకు అందరికన్నా దూరాన ఉన్న మూడు ఊళ్లు వెలిగాయి. మూడోది నవైకురా.

ఎపారామా వేలు పైకెత్తి అందరికీ చూపించాడు. "డెబ్బై ఏళ్లుగా ముక్కు గోక్కోవడానికే పనికొచ్చింది ఇది."

"ఇవాళ కూడా ముందు ముక్కే గోక్కున్నావు. చూశాను," అన్నాడు పక్కనున్న పెద్ద.

ప్రాజెక్టు అధికారిణి ఉనైసీ కూడా నవ్వింది. "శుక్రవారం కౌన్సిల్ ముందు ఇదే చేసి చూపించాలి, టోరికా. ఇదే బొమ్మ, ఇదే వేలు. వాళ్లు ఒప్పుకున్నారంటే అన్ని జిల్లాలకూ వెళ్తుంది మీ బల్ల."

టోరికా తల ఊపింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడు తిమోదీ గోడ దగ్గరికి నడిచాడు. ఆయన వునిండోంగో ఊరి పెద్ద. పటం కింది భాగంలో, మడ చెట్ల మధ్య తన ఊరి చుక్కను వెతికి వేలు పెట్టాడు. చుక్క వెలగలేదు. వేలు తీసి, ఇంకోసారి పెట్టాడు. తర్వాత వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

టోరికా ఆ చేతుల్ని చూసింది. వునిండోంగో ఆమె మేనత్త ఊరు. పోయిన జనవరి వరదలో ఆ ఊరి వాళ్లు రెండు రాత్రులు చర్చి బల్లల మీద నిలబడి గడిపారు.

మధ్యాహ్నం రేవు మెట్ల దగ్గర ఇసికేలీ పడవ ఇంజనులో నూనె పోస్తున్నాడు. జిల్లా పడవ నడిపేది అతనే. మేనత్త కొడుకు, టోరికాకు బావ. ఆ వరస వాళ్లు మర్యాదగా పలకరించుకుంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

"మరదలా, మా ఊరిని ఎక్కడ పెట్టావు? జేబులోనా?"

"నీ పని చూసుకో బావా."

"చూసుకుంటూనే అడుగుతున్నా. రేపు మా అమ్మ అడుగుతుంది కదా. నీ మేనకోడలు యంత్రం చేసిందే, ఆ యంత్రానికి మేనత్త ఎక్కడుంటుందో తెలీదట, అని చెప్పనా?"

"నీ నోటికి కూడా ఆపే మీట ఉంటే బాగుండేది."

"ఉంటే మీ అత్త ఎప్పుడో నొక్కేది." నూనె డబ్బా మూత బిగించాడు. చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "తిమోదీ పొద్దున పడవలో వస్తూ వరద ఇల్లు ఎక్కడ కట్టాలో, తలుపు ఎటు పెట్టాలో చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు అన్నానికి రమ్మంటే ఆకలి లేదంటున్నాడు."

టోరికా మెట్లెక్కి హాల్లోకి వెళ్లింది. అవికాశ్ రోటీ పొట్లం విప్పుతున్నాడు.

"వునిండోంగో రాలేదు," అంది.

"చూశాను. చుక్క తప్పు చోట పడి ఉంటుంది."

రోటీ పక్కన పెట్టి వెతికాడు. చుక్క సరైన చోటే ఉంది. ఊరి హద్దులు సరిగానే ఉన్నాయి. పాయ ఊరి నడుమ నుంచి, చర్చికీ ఇళ్లకీ మధ్యగా పోతోంది. అదీ నిజమే. అవికాశ్ అదే ప్రశ్నను పాత పద్ధతిలో వాక్యంగా రాశాడు. పాయ ఉన్న ఊళ్లు, మెట్టకు దూరాన్ని బట్టి వరసగా. మీట నొక్కాడు.

వునిండోంగో మొదటి స్థానంలో వచ్చింది.

"రాసి అడిగితే ఉంది," అన్నాడు.

"గీసి అడిగితే లేదు." టోరికా కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు చేతులూ రుద్దుకుంది. తప్పు జరిగిందని తెలిసి, ఎక్కడ జరిగిందో తెలియడానికి ముందుండే ఆ కొద్దిసేపు ఆమెకు ఆకలి, దాహం ఉండవు. "ఆయన వేలు మళ్లీ నడిపించు."

బల్ల ప్రతి గీతనూ, గీసిన వేగంతో సహా దాచుకుంటుంది. ఎపారామా గీసిన గుండ్రం తెర మీద మళ్లీ పడింది. పైనుంచి పాయ దిగింది. గుండ్రానికి జానెడు దూరంలో గీత నెమ్మదించింది. ఆగింది. పక్కకు తిరిగి, గుండ్రం అంచు వెంబడి వెళ్లి కిందికి దిగింది.

"ఇంకోసారి."

ఇంకోసారి కూడా అక్కడే ఆగింది.

"పాయ ఊరి పక్క నుంచి పోతున్నట్టు గీశాడు," అన్నాడు అవికాశ్. "యంత్రం పక్క నుంచి పోయే ఊళ్లనే వెతికింది. మధ్య నుంచి పోయేది ఆ బొమ్మకు సరిపోదు. గీసింది గీసినట్టే వెతకమని మనమేగా చెప్పాం."

పొద్దున సాధన కోసం మిగతా పెద్దలు గీసిన బొమ్మల్ని కూడా నడిపించారు. ప్రతి వేలూ ఊరి ముందు ఆగింది. ప్రతి వేలూ పక్కకు తిరిగింది. తిమోదీ వేలు కూడా.

"ఆయన ఊళ్లో పాయ ఎటు పోతుందో ఆయనకు తెలీదా?" అన్నాడు అవికాశ్.

"సువాలో మనం గీసినప్పుడు ఒక్కరైనా ఇలా తిరిగారా?"

"లేదు. ఊరి మీంచే లాగేసేవాళ్లం."

రోటీ చల్లారిపోయింది. దాన్ని చెరిసగం తిని, ఇద్దరూ ఉనైసీ గదికి వెళ్లారు.

వింటున్నంతసేపూ ఉనైసీ కలం మూత తీస్తూ పెడుతూ ఉంది.

"మూడు ఊళ్లు వెలిగాయి. అందరూ చూశారు. ఇప్పుడు యంత్రాన్ని మారుస్తానంటావు. మారిస్తే ఏది వస్తుంది?"

"వునిండోంగో."

"అక్కడ నీకెవరున్నారు?"

"మేనత్త ఉంది మేడమ్."

"ఈ డెల్టాలో పీతలకు కూడా తెలుసు ఆ సంగతి. ఏది పోతుంది?"

"మూడోది. నవైకురా."

"అది ఎవరిది?"

"మాదే. నాన్న వాళ్లది."

ఉనైసీ కలం బల్ల మీద పెట్టింది. "అదీ పీతలకు తెలుసు. కానీ మేనత్త మాటే ముందు లేస్తుంది. విను. ఎలా గీయాలో నువ్వు వాళ్లకు చెప్పకూడదు. ఏ ఊరి పేరూ ఎత్తకూడదు. శుక్రవారం ఎపారామాయే గీస్తాడు. ఏం వచ్చినా ఆయన గీసిన దాన్నుంచే రావాలి. రాకపోతే ఈ మూడే ఖాయం."

బుధవారం పోటు చూసుకుని ఇసికేలీ పడవ తీశాడు. వునిండోంగో రేవులో టోరికా బ్యాగు భుజానికి తగిలించుకుని, అత్త ఇంటికి దగ్గరి దారి అని ఊరి మధ్య గడ్డి మైదానంలో అడుగు పెట్టింది.

"ఒసేయ్ టోరికా," అత్త వసీతీ గొంతు అరుగు మీంచి వచ్చింది. "బ్యాగు చేత్తో పట్టుకో. మైదానాన్ని అడ్డంగా తొక్కుతారా ఎవరైనా? అంచు వెంబడి రా. సువాలో కాళ్లు కూడా మార్చి పంపారా నిన్ను?"

"సువా కాళ్లమ్మా. నేరుగానే నడుస్తాయి, బుర్రలాగే," అన్నాడు ఇసికేలీ. అతను అప్పటికే టోపీ తీసి చంకలో పెట్టుకుని అంచు వెంబడి నడుస్తున్నాడు.

అత్త మొగలి ఆకుల చాప అల్లుతోంది. ఉడికిన కర్రపెండలం, కొబ్బరి పాలలో చేప ముందు పెట్టి, తినేదాకా మాట్లాడనివ్వలేదు. అరుగు ముందు పాయ పోతోంది. దాని మీద రెండు పలకలు, అవతల చర్చి. పోటు నీరు పలకల్ని తాకుతోంది.

టోరికా ఒక పుల్ల ఏరి అత్త చేతిలో పెట్టింది. "అత్తా, ఈ మట్టిలో ఒక ఊరు గీయి. పాయ ఉన్న ఊరు."

"మేనత్తకు బడి పెట్టావా?" అంటూనే వసీతీ అరుగు దిగి కూర్చుంది. గుండ్రం గీసింది. పైనుంచి పాయ తెచ్చింది. గుండ్రం ముందు పుల్ల ఆగింది. పక్కకు తిరిగింది.

టోరికా పాయ వైపు చేయి చూపించింది. "పాయ నీ ఇంటి ముందే పోతోంది కదా అత్తా. అటు చర్చి, ఇటు నువ్వు."

"అవును. కళ్లు ఉన్నాయిగా నాకు."

"మరి పక్కకు గీశావేం?"

వసీతీ ఆమె మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. "ఊరి మీద గీస్తే ఊరిని కోసినట్టు కాదూ? నీళ్లు పోతే పోతాయి. వాటికి బుద్ధి లేదు. మనిషి గీస్తాడా?"

టోరికా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. గడ్డి మైదానం వైపు చూసింది. కర్రపెండలం గంప ఎత్తుకున్న ఒకామె దాని అంచు వెంబడి చుట్టూ తిరిగి వెళ్తోంది.

"బావా, ఫోన్‌లో సిగ్నల్ ఎక్కడ వస్తుంది?"

"చర్చి గంట కింద. ఏమైంది?"

"అవికాశ్‌తో మాట్లాడాలి."

మాట్లాడి వచ్చాక తిరుగు దారిలో ఇసికేలీకి అంతా చెప్పింది. అతను ఇంజను నెమ్మది చేసి విన్నాడు.

"ఇంతేనా? మీ యంత్రానికి మర్యాద తెలీదు, అంతే. మన దొర దగ్గరికి పని మీద ఎవరైనా వచ్చారనుకో, కానుకగా యంగోనా వేరు ముందు పెడతారు. దొర వెంటనే నోరు తెరుస్తాడా? ఆయన తరఫున మాట్లాడే మనిషి ఉంటాడు. వేరు చేతిలోకి తీసుకుని, మీరు ఫలానా పని మీద వచ్చారు, ఫలానాది అడుగుతున్నారు అని తిరిగి చెబుతాడు. అవునంటేనే తర్వాతి మాట. మీది వేరు ఇవ్వగానే నమిలి మింగేసింది."

టోరికా అతని భుజం మీద గట్టిగా చరిచింది.

"కొట్టడం కూడా సువాలోనే నేర్పారా?"

"బావా, ఇంజను పెంచు."

గురువారం పొద్దున టోరికా కంప్యూటర్ తెరవకముందే అవికాశ్ చేయి అడ్డం పెట్టాడు. "తిరిగి అడగడం మనం ఒకసారి పెట్టాం. నువ్వే తీసేయించావు. అడిగిన దానికి ఎదురు ప్రశ్న వేస్తే యంత్రం మొద్దులా కనిపిస్తుందన్నావు."

"అన్నాను. ఇప్పుడు పెడదాం."

"కౌన్సిల్ ముందు మొద్దులా కనిపిస్తే?"

"కనిపించనీ."

మొదట పెట్టినప్పుడు యంత్రం అన్నిటికీ అడిగింది. పాయ ఊరి పక్కనా, మధ్యనా, మెట్ట కుడి పక్కనా, ఎడమ పక్కనా, ఊరు గుండ్రమేనా, కోలగా ఉన్నా పరవాలేదా. ఒక్క బొమ్మకు తెర నిండా బొమ్మలు గీసింది.

"ఇది యంత్రం కాదు, మా నానీ," అన్నాడు అవికాశ్, అమ్మమ్మను తలుచుకుని. "రోటీ తింటావా అంటుంది. తింటానంటే వేడిదా చల్లదా, పప్పుతోనా కూరతోనా, ఇప్పుడా ఇంకాసేపాగా. ఆకలి చచ్చిపోతుంది."

"నానీ ఎప్పుడు అడగకుండా ఊరుకుంటుంది?"

"నేను తడుముకోకుండా చెబితే."

టోరికా అతని వైపు తిరిగింది. అతనూ ఆమె వైపు తిరిగాడు. ఇద్దరూ ఎపారామా గీతను మళ్లీ తెరిచారు. గుండ్రం పైభాగంలో వేలు నెమ్మదించిన చోటు, ఆగిన చోటు, తిరిగిన చోటు. మెట్టను పెట్టినప్పుడు వేలు ఎక్కడా ఆగలేదు. ఊరిని గీసినప్పుడు ఆగలేదు. పాయ ఊరిని సమీపించిన చోటే ఆగింది.

"వేలు తడుముకున్న చోటే అడగాలి," అంది టోరికా. "మిగతా చోట్ల నోరు మూసుకోవాలి."

అవికాశ్ రాశాడు, టోరికా గీసి చూసింది. ఆగకుండా గీస్తే యంత్రం అడగలేదు. ఆగి తిరిగితే మూడు బొమ్మలు చూపించింది. ఒకటి ఊరి పక్క నుంచి పాయ. రెండోది ఊరి మధ్య నుంచి పాయ. మూడోదానిలో రెండూ కలిపి, ఎటు పోయినా సరే అని. ఏడుగురు పెద్దల గీతలనూ దాని ముందు పెట్టారు. ఏడింటికీ అది ఒక్కో ప్రశ్నే వేసింది, సరైన చోట. సాయంత్రానికి అవికాశ్ కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ రెండుసార్లు నడిచాడు. టోరికా రెండు అరచేతులూ దొప్పలు చేసి ఒకసారి చరిచింది. ఖాళీ హాల్లో ఆ చప్పుడు గట్టిగా వినిపించింది.

శుక్రవారం కౌన్సిల్ సభ్యులు గోడ వైపు కుర్చీల్లో కూర్చున్నారు. ఏడుగురు పెద్దలు బల్ల చుట్టూ నిలబడ్డారు. ఇసికేలీ తలుపు దగ్గర, టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

టోరికా ముందుకు వచ్చింది. "ఈ బల్లను నిన్న మార్చాం. కారణం తర్వాత చెబుతాను. ఈ డెల్టాలో నాకు మేనత్త ఉంది, నాన్న ఉన్నాడు. ఇద్దరి ఊళ్లూ ఈ పటంలో ఉన్నాయి. అందరికీ తెలిసిందే అయినా నా నోటితో చెబుతున్నాను." ఉనైసీ వైపు చూసింది. ఉనైసీ తల ఊపింది.

ఎపారామా వేలు తుడుచుకున్నాడు.

"ముక్కు," అన్నారెవరో వెనక నుంచి.

"అయిపోయింది," అన్నాడు ఆయన, నవ్వులు తగ్గేదాకా ఆగి.

గుండ్రం గీశాడు. పాయ దింపాడు. వేలు ఊరి ముందు ఆగింది, పక్కకు తిరిగింది, సముద్రం దాకా వెళ్లింది. మెట్టను బల్ల చివర పెట్టాడు.

పటం వెలగలేదు. బల్ల మీద మూడు బొమ్మలు లేచాయి.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. కౌన్సిల్ సభ్యుడొకరు, "ఆగిపోయిందా?" అన్నారు. అవికాశ్ నేల వైపు చూశాడు.

"ఆగలేదు," అంది టోరికా. "మీరు అడిగింది ఏమిటో తిరిగి చెబుతోంది. మీరు అవునన్నది ముట్టుకుంటే అప్పుడు వెతుకుతుంది."

ఎపారామా రెండో బొమ్మ మీదికి వంగాడు. పాయ గుండ్రాన్ని రెండు ముక్కలు చేస్తూ పోతోంది. "ఇది ఎవరు గీశారు?"

"యంత్రం."

"గీస్తుంది. దానికి ఊరు లేదుగా."

పెద్దలు నవ్వారు. ఆయన నవ్వలేదు. వేలు గాలిలో ఉంచి మొదటి బొమ్మను, మూడో బొమ్మను మార్చి మార్చి చూశాడు. మంగళవారం వెలిగిన మూడు ఊళ్ల పేర్లు గోడకు అంటించిన కాగితం మీద ఇంకా ఉన్నాయి. నవైకురా చివర ఉంది.

"తిమోదీ," అన్నాడు తల ఎత్తకుండానే. "మీ పాయ మీద పలకలు మార్చారా?"

"మార్చాం."

"చర్చికి వెళ్లేటప్పుడు దాటేవేనా?"

"అవే. ఇంకెక్కడున్నాయి పలకలు?"

"ఇళ్లకీ చర్చికీ నడుమ."

"నడుమే."

ఎపారామా ఇంకాసేపు అలాగే ఉన్నాడు. టోరికా బల్ల అంచును పట్టుకుంది.

ఎపారామా వేలు మూడో బొమ్మ మీద పెట్టాడు.

పటంలో కింది భాగాన, మడ చెట్ల మధ్య ఒక చుక్క వెలిగింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. అక్కడితో ఆగింది. నవైకురా చుక్క నల్లగా ఉంది.

మొదట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉనైసీ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "ఇదేనా మీ ప్రశ్న? కావాలంటే మళ్లీ గీయవచ్చు. మొదటి బొమ్మను ముట్టుకోవచ్చు."

"మొన్న కూడా నేను ఇదే అడిగాను," అన్నాడు ఎపారామా. "అది వినలేదు. ఇవాళ వింది."

బల్ల ముందు నుంచి పక్కకు జరిగి తిమోదీకి చోటిచ్చాడు. తిమోదీ ముందుకు వచ్చి, బల్లను ముట్టుకోకుండా, అరచేతులు దొప్పలు చేసి మూడుసార్లు నెమ్మదిగా చరిచాడు. అప్పుడు మిగతా హాలు అందుకుంది. అవికాశ్ తల ఎత్తాడు. కౌన్సిల్ సభ్యుల్లో ఇద్దరు కుర్చీలు వదిలి బల్ల దగ్గరికి వచ్చి, మాకూ గీయనివ్వమని అడిగారు.

బయట రేవు మెట్ల మీద ఇసికేలీ టోరికా పక్కన కూర్చున్నాడు.

"మరదలా, ఆదివారం మీ నాన్న దగ్గరికి వెళ్తావా?"

"వెళ్లాలి."

"హెల్మెట్ పెట్టుకుని వెళ్లు."

"ఊళ్లో తలకు ఏమీ పెట్టుకోకూడదు బావా. మర్యాద తెలీదా?"

ఇసికేలీ తన టోపీని చంకలో పెట్టుకుని, వెళ్లి ఇంజను తాడు లాగాడు.

కౌన్సిల్ ఆ సాయంత్రం మూడు ఊళ్లకూ, బల్లకూ ఒప్పుకుంది. నవైకురా వచ్చే ఏడాదికి మొదటి పేరుగా నమోదైంది. తర్వాతి సోమవారం పోటు మీద జిల్లా పడవలో మొదటి విడత స్తంభాలు వునిండోంగో రేవులో దిగాయి. మోయడానికి వచ్చినవాళ్లలో నవైకురా మనుషులు ఆరుగురు ఉన్నారు, ఎపారామా వాళ్ల ముందు నడిచాడు. వరద ఇంటికి గుర్తు పెట్టిన చోటు ఊరికి అవతలి కొసన ఉంది. స్తంభాలను గడ్డి మైదానం అంచు వెంబడి, చుట్టూ తిప్పి మోసుకెళ్లారు.